సెట్ పాయింట్

ఆగస్టుల సోహార్ రేవు మీద
గాలి తడిబట్ట లెక్క మొకానికి అంటుకుంటది.
గోదాము కప్పు మీద నేను,
నా ముందర ఆరు చిల్లర్లు,
కింద చల్లగ కూసున్న ఖర్జూరాల పెట్టెలు.
మనిషి కన్నా ముందు పండుకే ఏసీ పెట్టిన్రు.
తప్పేం లేదు, పండు చెడితే వాపసొస్తది.

పోయినేడు నిచ్చెన జారి నడుము మీద పడ్డ.
సెలవడిగితే జీతం కోత,
అడగలే.
సాయన్న దిండు కిందికెల్లి ఓ గోలి తీసి
"సగం మింగు, సగం దాచుకో" అన్నడు.
ఆ రాత్రి నొప్పి పోయింది, సరే,
నొప్పెనుక నడిచొచ్చినయన్నీ పోయినయ్:
ఫైనాన్సు కిస్తీ, ఫోర్‌మన్ గొంతు,
పై మంచం మీది బంగ్లా పిలగాని దగ్గు,
కాసేపు నా పేరు సుత పోయింది.
గంత హాయి జిందగీల అదొక్క రాత్రే.
తర్వాత మింగినయన్నీ
ఆ రాత్రిని ఎతుక్కుంటనే.

సగం ఒకటైంది. ఒకటి నాలుగైంది.
నాలుగు దొరకని నాడు
నలభై ఆరు డిగ్రీల ఎండల నాకు వణుకు,
చెయ్యి మీద రోమాలు లేచి, ముక్కు కారి,
కడుపు నీళ్లై,
పట్టు తప్పి స్పానర్ కప్పు మీదికెల్లి పడ్డది.
కింద ఎవ్వలు లేకుండ్రి.
ఫోర్‌మన్ పోలీసులను పిలువలే, దవాఖానకు తోలిండు.
ఎందుకో ఇప్పటికీ అడగలే.
సాయన్నను మాత్రం ఆ వారమే ఇంటికి పంపిన్రు.

డాక్టర్ ఇబ్తిసామ్ చీటీ ఎనుక బొమ్మ గీసింది.
తుడుపుకర్ర గోడకానిచ్చి
ఆమె అరబ్బీని రాయచోటి ఖాసింబీ తెలుగు చేసింది:
"మెదడు లోపల కణాలకు గొళ్లేలుంటాయంట నాయనా.
నీ గోలి పొయ్యి ఆ గొళ్లెం నొక్కుతాదంట,
కణం సల్లబడతాది.
దినామూ నొక్కితే అది ఊరికే ఉంటాదా?
కొన్ని గొళ్లేలు లోపలికి లాక్కుంటాది,
లోపల పొయ్యి ఎగదోసుకుంటాది.
గోలి మానినా పొయ్యి ఆరదు.
నీ వణుకు ఆ మంటదేనంట."

మంట సంగతి నాకు చెప్పాల్నా?
సెన్సర్ పక్కన దినాం ఓ ఐసుముక్క పెట్టు,
చల్లగనే ఉందనుకొని చిల్లర్ తన పని బంద్ చేస్తది.
ఐసు తీసిన నాడు సూడాలె గోదాము.
పుట్టినప్పటికెల్లి లోపల నా సొంత చలువ ఉండెనట.
నేనే దాన్ని పండవెట్టిన.

"మానేస్తే ఎప్పటి లెక్కనే అయితనా?" అన్న.
ఖాసింబీ అడిగింది, విన్నది, జరసేపు ఊకున్నది.
"ఒక ప్రొటీనంట, పేరు నా నోట తిరగదు,
వారాలు, నెలలు కదలకుండా కూసుంటాదంట.
జన్యువుల మీద గుర్తులు పెట్టిపోతాదంట.
మానేసినాక కూడా మారతానే ఉంటాదంట నాయనా.
మొదటి వారం కన్నా రెండో నెలలో
ఆశ ఎక్కువైనా కావచ్చంట,
గడ్డిలో మాగేసిన కాయ మాదిరి."
చీటీ మడిచి నా జేబుల పెట్టి
ఈసారి డాక్టర్ చెప్పంది చెప్పింది:
"నువ్వు చెడ్డోనివని ఈ బొమ్మలో యాడా రాయలే.
మంచోనివనీ రాయలే."

ఇయ్యాల డెబ్భై ఒకటో రోజు.
అన్నం తింటుంటే ఎవలో తలనొప్పి గోలి తీసిన్రు.
రేకు చిరిగిన చిన్న సప్పుడు, టప్.
తలనొప్పి గోలే అని నాకెర్కనే,
నా నాలికకే ఎర్కలేదు.
నీళ్లూరి, నడుమల పాతనొప్పి లేచి నిలవడ్డది,
పిలిచినట్టే.

గిన్నె ఆడనే ఇడిచి లోపటికొచ్చిన.
నాలుగో చిల్లర్ సెన్సర్ గోడ మీద,
చిక్కుడుగింజంత.
దాని మీద బొటనవేలు పెట్టిన.
ఐసు కాదు, నా ఒంటి వేడి.
అది చదువుకుంటున్నది.
సెట్ పాయింట్ నాలుగు, వేలు ముప్పై ఆరు,
నడుమ గంత దూరం.
గోడలు చల్లబడాలె ముందు, ఆనెనుక పెట్టెలు,
పండు, పండు లోపలి గింజ.

నెత్తి మీద కప్పు అదిరింది.
కంప్రెసర్ అందుకున్నది.
వేలు తియ్యాలె ఇగ.
ఇంకా తియ్యలే.